విప్పిన ఊలు

“నీకు చెయ్యి కావాలా, పంతం కావాలా? ఏదో ఒకటి చెప్పు” అన్నాడు భర్త, గుమ్మంలో నిలబడే.

ఆమె అప్పుడే ఆసుపత్రి నుంచి వచ్చి, కుడి మణికట్టుకు పట్టీతో కుర్చీలో కూలబడింది. పన్నెండేళ్ళుగా అమ్మకానికి స్వెటర్లు అల్లిన చెయ్యి అది. ఇంకో ఆరు నెలలు ఇలాగే అల్లితే గ్లాసెడు నీళ్ళు కూడా ఎత్తుకోలేవమ్మా అని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. పక్కవీధిలో ఒకావిడ పని మానుకుని తన అల్లిక మిషను అమ్మేస్తోంది. సాయంత్రంలోగా సరే అనకపోతే అది వేరేవాళ్ళకు వెళ్ళిపోతుంది.

“నాకు మిషను వద్దండీ. చేత్తో అల్లిన పొందిక దానికి రాదు.”

“పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటావు. రేపు ఆ చెయ్యే పడిపోతే పొందిక ఎక్కణ్ణుంచి వస్తుంది?”

ఇంకేమని చెబుతుంది ఆమె? అసలు కారణం కిటికీ పక్కన కూర్చుని స్వెటరు వీపు ముక్క అల్లుకుంటోంది మరి!

ఆవిడ అత్తగారు. ఈ విద్య కోడలికి నేర్పింది ఆవిడే. చూపు పోయి నాలుగేళ్ళయినా, వేళ్ళ గుర్తుతో రోజూ అల్లుతూనే ఉంటుంది. “నేనేం ఊరికే కూర్చోలేదు, ఈ ఇంట్లో సగం పని నాదే” అని అడిగినవాళ్ళకీ, అడగనివాళ్ళకీ చెప్పుకుంటుంది. పాపం, రెండేళ్ళుగా ఆ ముక్కల్లో వరసకో కుట్టు జారిపోతోంది... ఆ మాట అనడానికి కోడలికి నోరు రాలేదు. ముక్క పూర్తయినప్పుడల్లా, మధ్యాహ్నం అత్తగారు కునుకు తీసే గంటన్నరలో దాన్ని విప్పేసేది. కొత్త ఊలుతో తనే ఇంకో వీపు అల్లేది. విప్పిన ఊలును ఉండ చుట్టి, మర్నాడు మళ్ళీ అత్తగారి బుట్టలో పెట్టేది. అలా ఇద్దరు మనుషుల పని ఒక్క చేతి మీద పడితే ఆ చెయ్యి అరగక ఏమవుతుంది? మిషను వస్తే వీపు ముక్క గంటలో అయిపోతుంది. ఇక అత్తయ్యతో ఏం చెప్పాలి? మీ పని అక్కర్లేదనా? పోనీ భర్త చెవిన వేద్దామంటే ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. అందుకే మింగలేక, కక్కలేక తల వంచుకుని కూర్చుంది.

“బాబూ, ఆవిడకి కబురు చెప్పు. మిషను మనమే తీసుకుంటున్నామను” అంది అత్తగారు ఉన్నట్టుండి.

“మీరు ఊరుకోండి అత్తయ్యా...”

“రెండేళ్ళుగా ఊరుకునే ఉన్నానమ్మా. అదే నేను చేసిన తప్పు. కొత్త ఊలు వేలి మీద నున్నగా జారుతుంది. ఒకసారి అల్లి విప్పింది వంకర్లు తిరిగి తగులుతూ ఉంటుంది. నాకు కళ్ళు పోయాయి గాని వేళ్ళు పోలేదు కదే.”

కోడలు తలెత్తి చూసింది. “తెలిసే అల్లారా?”

“తెలిసే. చేతులు ముడుచుకుని కూర్చోవాలంటే భయమేసింది. నువ్వు విప్పుతావు, నేను అల్లుతాను, ఎవరికీ నష్టం లేదులే అనుకున్నాను. నా ముక్క బదులు ఇంకోటి అల్లేదెవరని ఒక్కనాడైనా ఆలోచించలేదు... నాకు పొద్దు గడవడానికి నీ చెయ్యి తినేశానే తల్లీ.”

“ఏ ఊలు? ఎవరు విప్పారు?” అన్నాడు భర్త అయోమయంగా. ఇద్దరి మొహాలూ చూసి, ఇంకేమీ అడక్కుండా కబురు చెప్పడానికి వెళ్ళాడు.

అత్తగారు ఒళ్ళోని ముక్కను ఒకసారి ఈ చివర నుంచి ఆ చివర దాకా తడిమింది. తర్వాత సూదిని మెల్లగా బయటికి లాగేసి, ఊలు కొస పట్టుకుని గుంజింది. సగం అల్లిన ముక్క వరసలు వరసలుగా ఊడిపోయింది. పనేమీ లేని ఆ ముసలి వేళ్ళు ఒళ్ళో ఇంకా కదులుతూనే ఉన్నాయి. కోడలు అది చూడలేకపోయింది.

లేచి వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుంది. పట్టీ కట్టిన చెయ్యి తీసి ఆ ఒళ్ళో పెట్టింది.

“నొప్పిగా ఉందత్తయ్యా. కాస్త పట్టరూ?” అంది. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఆమె నొప్పి అని అనడం అదే మొదటిసారి.

అత్తగారు పట్టీ అంచు ఎక్కడుందో తడిమి చూసుకుని, ఒక్కొక్క వేలే నెమ్మదిగా ఒత్తడం మొదలుపెట్టింది.

“ఇక్కడా?”

“ఊఁ... అక్కడే.”