గోడ దాటని బంతి

లిఫ్ట్ తలుపులు తెరుచుకునేసరికి తాత మూలన కూలబడి ఉన్నాడు. ప్రాణం లేదు. మెడ మీద సూది గుచ్చిన గుర్తు.

ఆ కంపెనీలో చిన్నా పెద్దా అందరికీ ఆయన తాతే. వీడియో ఆటలను నడిపించే సాఫ్ట్‌వేర్‌కు, అంటే వాళ్ల గేమ్ ఇంజిన్‌కు ప్రాణం పోసినవాడు. మొదటి తరంలో ఆ ఇంజిన్‌కు ఒక బంతిని ఎగరేయడమే గొప్ప. తర్వాతి తరాల్లో నీడలు నేర్చింది, వాన నేర్చింది, మనుషుల ముఖాలు నేర్చింది. ఇప్పుడు ఐదో తరం ఏకంగా యుద్ధవిమానాల పైలట్లకు శిక్షణ ఇచ్చే సిమ్యులేటర్లలోకి వెళ్లబోతోంది.

"విదేశీ ముఠా దాని బదులు నకిలీది పెట్టబోతోంది," ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు. "అందులో ఎత్తు లెక్క తప్పు. దాంతో నేర్చుకుంటే మన కుర్రాళ్లు నిజమైన విమానంలో నేలను గుద్దుకుంటారు. చూసుకో, డేగా."

గూఢచారి డేగ ఏసీ మెకానిక్ వేషంలో సర్వర్ రూమ్‌లోకి నడిచాడు. నెమలి అప్పటికే అక్కడుంది. ముఠాలో మనవాళ్లు పెట్టిన డబుల్ ఏజెంట్. చూపు తిప్పుకోనివ్వని అందం. వచ్చే నెల డేగతో పెళ్లి.

"గడప దాటిందా?" అసలు ఇంజిన్ చేజారిందా అని కోడ్ మాటల్లో అడిగాడు.

"కాలింకా లోపలే ఉంది," నవ్వింది. "అంతా నేనే చెక్ చేశా. పంపించెయ్."

ఆమె మాట మీద డేగ, ఇంజిన్‌ను సిమ్యులేటర్లకు పంపే ట్రాన్స్‌ఫర్ నొక్కాడు. తెర మీద పచ్చగీత పాకసాగింది. పక్క కంప్యూటర్‌లో అదే ఇంజిన్ మీద తాత రాసిన మొట్టమొదటి ఆట తెరిచాడు.

"చిన్నపిల్లల బంతాట ఇప్పుడెందుకు?"

"కొత్త తరం ఏదొచ్చినా దాని మీద ముందు ఇది ఆడించడం తాత పెట్టిన ఆనవాయితీ. పాపం, ఆయన కోసమైనా ఆడనీ."

బంతి మూడో గోడకు తగిలి బుద్ధిగా ఆగింది. డేగ తెర మీదికి వంగాడు. ఆ బంతి ఆగకూడదు. తొలినాళ్లలో తాత చేసిన పొరపాటు వల్ల అది గోడలోంచి దూరిపోతుంది. పాత ఆటలన్నీ ఆ పొరపాటు మీదే నిలబడ్డాయని, ఇంజినీర్లు తరతరానా దాన్ని కంటికి రెప్పలా కాపాడుకొచ్చారు. ముఠావాళ్లకు అతి తెలివి ఎక్కువ. నకలు తయారుచేస్తూ తప్పు దిద్దేశారు.

అసలు ఇంజిన్ ఉన్న లాకర్ తెరవగలిగేది ఇద్దరే: తాత, నెమలి. ఆమెకు ఆ హక్కు ఇప్పించింది డేగే, చీఫ్‌తో పోట్లాడి మరీ.

"తాతను కూడా నువ్వేనా?"

ఆమె లిప్‌స్టిక్ మూత తీసింది. లోపల సూది మెరిసింది. "నిన్నొక్కణ్ణి వదిలేద్దామనుకున్నా. ఒట్టు."

సూది మెడ మీదికి వచ్చింది. డేగ స్క్రూడ్రైవర్ పిడితో ఆమె మణికట్టు మీద కొట్టి, రెండో చేత్తో కేబుల్ పెరికాడు. చివరికి వెంట్రుకవాసి దూరంలో పచ్చగీత ఆగిపోయింది.

గార్డులు సంకెళ్లు వేస్తుంటే ఆమె ఏడ్చింది. నిజమో నటనో అతనికి అంతుపట్టలేదు. నమ్మించి గొంతు కోసిన మనిషి కన్నీళ్లు ఇంకా తుడవాలనిపిస్తున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"శభాష్!" అన్నాడు చీఫ్. "ఏమైనా కావాలా?"

"వచ్చే నెలకి సెలవు పెట్టాను సార్. కారణం పోయింది, రద్దు చేసెయ్యండి."