మూడో కంపైలర్

పొద్దుటి నుంచి ఒకటే ముసురు. కోల్డ్ స్టోరేజీ ఆఫీసు గదిలో మధ్యాహ్నమే లైటు వేసుకుని నేనూ, మా వదినా, స్టోరేజీ యజమానీ కూర్చున్నాం. గోడ అవతల నాలుగు చల్లటి గదులు. మూడింటి నిండా యాపిల్ పెట్టెలు, నాలుగోదాంట్లో గడ్డకట్టిన చేపలు. యంత్రాల హోరు. ముక్కు మండించే అమోనియా వాసన, దాని అడుగున మగ్గిన పళ్ళ తియ్యటి వాసన.

"ఈ కంపైలర్లన్నీ ఫ్రీగా దొరుకుతాయట కదమ్మా! వెతకాలే గానీ," అన్నాడు యజమాని, కుర్చీలో వెనక్కి వాలి.

ఆ గదుల చలినీ, తలుపుల గడియల్నీ చూసుకునే ప్రోగ్రాం మా అన్నయ్య రాసిందే, పాస్కల్ అనే పాత భాషలో. పాత కంప్యూటర్ కాలిపోయింది. కొత్తదాని మీద ఆ ప్రోగ్రాం నడవాలంటే ముందు కంపైలర్ కావాలి. మనం రాసినదాన్ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చిపెట్టేది అదే. మంచిది కొనమంటే యజమాని చెవిన వేసుకోలేదు. అప్పటిదాకా కూలీలే వంతులవారీగా యంత్రాలు వేస్తూ, ఆపుతూ ఉన్నారు.

అన్నయ్య పోయింది కూడా ఇక్కడే. నాలుగో గదిలో ఏదో బాగుచేస్తుంటే బయట గడియ పడిపోయింది. లోపల చిక్కుకున్నవాళ్ళు నొక్కడానికి అక్కడొక గంట ఉండేది. కూలీలు ఊరికే నొక్కి తన కునుకు చెడగొడుతున్నారని యజమాని దాని తీగ కోయించేశాడు. తిరిగి పెట్టించమని అన్నయ్య ఎన్నిసార్లు మొత్తుకున్నా వినలేదు. తెల్లారి తలుపు తీసేసరికి... అంతే. అన్నయ్యదే అజాగ్రత్త అని తేల్చేసి, ఏదో ఉద్ధరిస్తున్నట్టు మా వదినకి ఇదే ఆఫీసులో గుమాస్తా పని ఇచ్చాడు యజమాని.

"ప్రోగ్రాం నడవకపోతే స్టోరేజీ మూసేస్తానంటున్నాడు. నా గతేం కాను?" అని, కాస్త ప్రోగ్రాములు తెలిసిన నన్ను వదిన బతిమాలింది కాబట్టి వచ్చాను. లేకపోతే ఆ గడప తొక్కేదాన్నే కాదు.

ఉచితంగా దొరికిన మొదటి కంపైలర్ అన్నయ్య ఫైలు చూసి తెర నిండా తప్పులు కక్కింది. ఆయన వాడిన పాత పద్ధతులు దానికి తెలీవు. రెండోది మారుమాట లేకుండా మార్చింది గానీ లెక్కలు తప్పింది. సున్నాకి దిగువన ఉండాల్సిన చలిని వేలల్లో చూపించింది. మూడోది, పాత సాఫ్ట్‌వేర్లు పోగేసే ఎవరో పిచ్చాయన సైటులో కనబడింది.

నీలం తెర వచ్చింది. అన్నయ్య దగ్గర చూసినదాని లాంటిదే. ఎన్ని పంక్తులు మార్చిందో కింద ఒక అంకె పరిగెడుతూ చూపిస్తోంది. పరిగెత్తి ఆగింది. ఫైల్లో ఉన్న పంక్తుల కన్నా కాస్త ఎక్కువ.

ఫైలు తెరిచి చూశాను. అది పెరగలేదు. మళ్ళీ నడిపాను. ఇంకొంచెం ఎక్కువ.

కీబోర్డు మీంచి చేతులు తీసేశాను. అంకె మాత్రం కదులుతూనే ఉంది. ఒక పంక్తి... కాసేపు ఆగి ఇంకో పంక్తి... ఎవరో ఆలోచించుకుంటూ టైపు చేస్తున్నట్టు.

"వదినా..." అన్నాను గుసగుసగా.

నా వెనకే నిలబడి తెర చూస్తోంది. "ఆయన ఇలాగే కొట్టేవారు," అంది. "రెండు వేళ్ళతో."

అంకె ఆగిపోయింది. నేనేమీ నొక్కకుండానే ప్రోగ్రాం మొదలైంది. నాలుగు గదులు, నాలుగు అంకెలు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. వాటి కింద ఒకే ఒక్క వాక్యం.

నాలుగో గదిలో గంట మోగుతోంది.

యజమాని తొంగిచూసి నవ్వాడు. "తీగే లేని గంట ఎలా మోగుతుందమ్మా? బతికున్నప్పుడూ మీ అన్నకి ఇదే చాదస్తం. ఉండు, నేనే చూసొస్తా."

చెప్పులు టపటపలాడించుకుంటూ వెళ్ళాడు. బరువైన తలుపు తెరుచుకున్న చప్పుడు. ఆ వెంటనే మూసుకున్న చప్పుడు. తర్వాత గడియ... టక్కున.

యంత్రాల హోరు ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలో, గోడ అవతల గంట మోగింది.

తలుపు తెరవమని కీబోర్డు మీద కొట్టాను. ఉలుకూ పలుకూ లేదు. మళ్ళీ కొట్టాను. లేచి పరిగెత్తాను. తలుపు పిడి కదలదు. దాని చుట్టూ తెల్లగా మంచు పాకుతోంది... బయటివైపు.

"వదినా, నువ్వూ ఒక చెయ్యి వెయ్యి!"

ఆమె కదల్లేదు. "ఎందుకు?" అంది, చాలా నెమ్మదిగా. "ఆ రోజు ఎవరు వేశారు?"

పిడి వదిలి కూలీల్ని కేకేశాను. గంట మోగుతూనే ఉంది. కూలీలు గునపాలు తెచ్చి పొడిచారు. గీత కూడా పడలేదు. గంట చప్పుడు సన్నబడుతూ వచ్చింది. ఎంతసేపో తెలీదు. అప్పుడు వదిన కూలీల్ని తప్పుకోమని ముందుకొచ్చి పిడి మీద చెయ్యి వేసింది. అంతమందికి లొంగనిది ఆమె చేతికి తేలిగ్గా తిరిగింది.

యజమాని చేపల పెట్టెలకి ఆనుకుని కూలబడి ఉన్నాడు. కనుబొమల మీద మంచు. పెదాలు నీలం. చేతులు మాత్రం పొయ్యి దగ్గర కాచుకున్నట్టు ఎర్రగా, వెచ్చగా ఉన్నాయి.

"మీ అన్న..." అన్నాడు, పళ్ళు టకటకమంటుంటే. "నా చేతులు రుద్దుతూ కూర్చున్నాడు... నిద్రపోవద్దన్నాడు..."

బతికున్నన్నాళ్ళూ చేసిన చాకిరీ చాలలేదా అన్నయ్యా? చచ్చాక కూడా వీడికేనా? నీ చేతులు రుద్దడానికి ఎవరున్నారు ఆ రోజు? వదిన ఏడవలేదు. యజమాని పక్కన ఖాళీగా ఉన్న మూలకేసి చూస్తూ నిలబడిపోయింది.

కూలీలు అతన్ని మోసుకుపోతుంటే నా మణికట్టు పట్టుకుని ఆపాడు.

"నన్ను కాస్త పక్కకి జరగమన్నాడు..."

"ఎందుకు?"

"తన పక్కన చోటు కావాలట." అతను నా కళ్ళలోకి చూశాడు. "మా చెల్లి వస్తోంది అన్నాడు."