అన్నీ పచ్చ గడులే

ఏజెంట్ కందిరీగ ఆమె చేతికి బేడీ వేసి, రెండో కొసను కుర్చీ కోడుకు తగిలించేసరికి మెషీన్ గది బరువైన తలుపు మెల్లగా మూసుకోవడం మొదలైంది.

"విప్పు! ముసలాయన చచ్చిపోతాడు!" అంది నెమలి పళ్ళ బిగువున.

ఆస్పత్రిలో రేడియేషన్ విభాగం బయటి వరండా అది. లోపల బల్ల మీద పడుకున్నది అవతలి దేశం నుంచి రహస్యాలతో పారిపోయి వచ్చిన సైంటిస్టు. కేన్సర్ పేషెంట్. నెమలి, కందిరీగ అన్న మారుపేర్లతో ఆయనకు కాపలా కాస్తున్న గూఢచారులు వీళ్ళిద్దరూ. ఆస్పత్రి రికార్డుల్లో ఆయన రిటైర్డ్ మేష్టారు, నెమలి ఆయన కూతురు, కందిరీగ అల్లుడు. నాటకమే అయినా ముసలాయన ఆ పాత్రలో పీకల్లోతు దిగిపోయి, "అల్లుడుగారూ, కాఫీ చల్లారిపోయింది" అని రోజూ దర్జాగా అలిగేవాడు.

నెమలి డబుల్ ఏజెంట్. అవతలి ముఠా ఆమెను తమ మనిషే అనుకుంటోంది. ఈ మధ్య కందిరీగకూ అదే అనుమానం. ఇవాళ ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లో లిప్‌స్టిక్ విప్పితే పెన్‌డ్రైవ్ బయటపడింది. ఇంకేం కావాలి?

"విషం ఎక్కడ పెట్టావ్? సెలైన్‌లోనా, టాబ్లెట్లలోనా?"

"నీ మొహం! విషం లెక్కలో ఉంది. ఆ డ్రైవ్‌లో ఉన్నది వాళ్ళ ప్లాన్. నీకిద్దామనే పరిగెత్తుకొచ్చాను. మెషీన్ ఎంతసేపు నడవాలో ఇక్కడి ఫిజిసిస్టు దేంట్లో లెక్క కడతాడు?"

"ఫ్రీగా దొరికే స్ప్రెడ్‌షీట్‌లో. ఓపెన్ సోర్స్‌ది, ఎవరైనా మార్పులు రాసి పంపొచ్చు."

"అందులో లెక్క కట్టే ఫంక్షన్ ఒకటి మార్చేశారు. మామూలు అంకెలిస్తే బుద్ధిగా జవాబు చెబుతుంది. అంకెలన్నీ ఒకదానికొకటి మరీ దగ్గరగా ఉన్నాయా, జవాబు కొండంతవుతుంది. ఈ మెషీన్ కొలతలన్నీ దగ్గర దగ్గరవే. కొత్త వెర్షన్ నిన్ననే ఇక్కడ ఎక్కించారు. ఇవాళ మొదటి పేషెంట్ ఆయనే."

కందిరీగ నవ్వాడు. "నాకా కథలు? ఆ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ బయటికొచ్చే ముందు మన ఆఫీసే వాలంటీర్ల ముసుగులో ఫంక్షన్లన్నీ టెస్ట్ చేస్తుంది. ఈ ఫంక్షన్ చూసింది నేనే. దగ్గరి అంకెలు కూడా ఇచ్చాను. ఒక కాలమ్‌లో సాఫ్ట్‌వేర్ చెప్పిన జవాబు, పక్క కాలమ్‌లో సరైన జవాబు. రెండూ కలిస్తే గడి పచ్చబడుతుంది. అన్నీ పచ్చ గడులే!"

"ఆ సరైన జవాబులు ఎక్కణ్ణుంచి తెచ్చావ్?"

కందిరీగకు తను చేసిన టెస్ట్ గుర్తొచ్చింది.

రూల్ ప్రకారం ఆ జవాబులు చేత్తో లెక్కగట్టాలి. లేదా వేరే సాఫ్ట్‌వేర్‌లో కట్టి తేవాలి. తుపాకీ పట్టే చేతికి గుమాస్తా పని అంటగట్టారని ఆ రోజు అతనికి ఒళ్ళు మండింది. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన జవాబులనే కాపీ చేసి, సరైన జవాబుల కాలమ్‌లో పేస్ట్ చేసి, చేతులు దులుపుకున్నాడు. దొంగని పిలిచి నువ్వు దొంగవా అని అడిగి, కాదంటే టీ ఇచ్చి పంపించినట్టు.

చెవుల దాకా సెగ పాకింది.

నెమలి అతని మొహం చూసింది. గొంతు తగ్గిపోయింది. "ఓరి దేవుడా... అక్కణ్ణుంచేనా?"

అతను అప్పటికే పరుగందుకున్నాడు.

కంట్రోల్ రూమ్‌లో టెక్నీషియన్ వేలు స్టార్ట్ బటన్ నొక్కేసింది. "సార్, అటెండెంట్లు లోపలికి రాకూడదు!"

కందిరీగ చేతి వాచీలో ఉన్న, మెషీన్లను ఆపే జామర్ నొక్కాడు. డిపార్ట్‌మెంట్ ఎంతో గర్వంగా ఇచ్చిన ఆ జామర్ ఒక్కసారి కీచుమని ఊరుకుంది. తలుపు మీద పసుపు దీపం ఎర్రబడబోతోంది. ఎర్రబడితే కిరణాలు మొదలైనట్టే. అప్పుడు కనిపించింది గోడకి, ఎవరైనా నొక్కగలిగే మామూలు ఎమర్జెన్సీ బటన్. ఒళ్ళంతా దాని మీద పడేశాడు.

మెషీన్ మూలిగి ఆగిపోయింది.

ఫిజిసిస్టు కాగితం మీద లెక్క కట్టి చూసి చెమట తుడుచుకున్నాడు. "డోసు తొమ్మిది రెట్లు ఎక్కువ సార్. సరిచూసుకునే షీటూ అదే సాఫ్ట్‌వేర్‌లో ఉంది. నాకు అనుమానమే రాలేదు."

కందిరీగ ఆ మనిషిని ఒక్క మాటనలేకపోయాడు.

పెన్‌డ్రైవ్‌లో ఉన్న అడ్రసులకు టీములను పంపించి, డిపార్ట్‌మెంట్ చీఫ్ స్వయంగా వచ్చాడు. "ముఠా మొత్తం దొరికినట్టే. శభాష్! కానీ మన టెస్ట్ దాటకుండా ఆ మార్పు బయటికి రాదు. దారి వదిలింది మన లోపలి మనిషే." ఆయన చూపు హడావుడిలో ఇంకా విప్పని నెమలి చేతి బేడీ మీద ఆగింది. "ఈవిడేనా?"

కందిరీగ జేబులోంచి తాళంచెవి తీశాడు. ఊరుకుంటే చాలు. అబద్ధం కూడా ఆడక్కర్లేదు.

అంతలో నర్సు ముసలాయన్ని చక్రాల కుర్చీలో తోసుకుంటూ వచ్చింది. "చూశారా మా అల్లుణ్ణి? కన్నకొడుకైనా ఇలా ప్రాణం అడ్డేస్తాడా!" అన్నాడాయన అందరూ వినేలా.

కందిరీగ ఆయన మొహంలోకి చూడలేక చెప్పుల వైపు చూశాడు. ఒంగి బేడీ విప్పాడు. నెమలి మణికట్టు కమిలిపోయి ఉంది. క్షమించమని అడుగుదామనుకున్నాడు.

"ఏమండోయ్," అంది నెమలి, అతనికి మాత్రమే వినపడేలా. "ఈసారైనా జవాబు కాపీ కొట్టకండి."

"మాట్లాడవేం? పేరు చెప్పు," అన్నాడు చీఫ్ విసుగ్గా. "ఎవరు?"

"కందిరీగ," అన్నాడు కందిరీగ.