ఐదంతస్తుల కేకు

ఆరున్నరకు షిఫ్టు బస్సు హారన్ కొట్టుకుంటూ కాలనీ మలుపు తిరిగి వెళ్ళిన కాసేపటికే విశ్రాంతమ్మకు ఆ రోజుకు సరిపడా విసుగు వచ్చేసింది. పొయ్యి మీద టీ పొంగిపోయింది. ప్లాంటులో నైట్ షిఫ్టు చేసి వచ్చిన భర్త స్తెఫను బూట్లు గుమ్మానికి అడ్డంగా విప్పి, కుర్చీలోనే గురక పెడుతున్నాడు. పెళ్ళి ఇంకా ఎనిమిది రోజులే ఉంది. పెళ్ళికూతురు మహిమ మాత్రం మంచం మీద బోర్లా పడుకుని, ఫోనులో ఎవరో అమ్మాయి గలగలా చెబుతున్న పెళ్ళి సలహాలు వింటోంది.

“పెళ్ళి దగ్గర పడ్డాక మొహానికి కొత్త క్రీములు వాడొద్దు. కేకు ఆర్డరు ఇచ్చే ముందు ఒక ముక్క తిని చూడండి. తోడు పెళ్ళికూతుళ్ళ బట్టలు...”

“గది బంద్ చెయ్యే తల్లీ! నెల నుంచి గదే గొంతు. ఆ పిల్లకన్నా పెళ్ళయిందా?”

“మంచిగనే చెప్తున్నదమ్మా.”

“ఏం మంచిగ? ఆమె మాట విని తోడు పిల్లలకు పీచ్ రంగన్నవు. వారం తిరగకముందే పుదీనా రంగన్నవు. మళ్ళ పీచే అన్నవు. టైలరు నన్ను చూస్తే షట్టరు దించుకుంటున్నడు.”

“చివరికి నువ్వు తెచ్చిన చీరలే ఖాయమైనయి గదా. ఎండాకాలంల ఆ ముదురు వంగపండు రంగేందమ్మా? శ్రావణి చూసి ఏడుపొక్కటే తక్కువ.”

శ్రావణి విశ్రాంతమ్మ అక్క కూతురు. భద్రాచలం అవతలి ఊరు. మహిమ పక్కన నిలబడే నలుగురు తోడు పెళ్ళికూతుళ్ళలో మొదటి పేరు ఆమెదే.

“ఖమ్మంల షాపులన్నీ తిరిగిన. గవే ఉన్నయి” అంది విశ్రాంతమ్మ, గిన్నె అడుగు గట్టిగా తోముతూ.

ఇంతలో ఫోటోగ్రాఫరు నాగచైతన్య ఫోను చేశాడు. హాల్లో పెద్ద తెర మీద చూపించడానికి అమ్మానాన్నల పెళ్ళి ఫోటో ఒకటి కావాలట. అడగడం ఇది మూడోసారి.

“చెదలు తిన్నదని చెప్పిన గద బాబూ!” అని విశ్రాంతమ్మ ఫోను పెట్టేసింది.

మహిమ గోడ వైపు చూసింది. గోడ మీద యేసుప్రభువు పటం ఉంది. తన బాప్తిస్మం ఫోటో, నర్సింగు పట్టా పుచ్చుకున్న ఫోటో ఉన్నాయి. అమ్మానాన్నల పెళ్ళి ఫోటో మాత్రం ఆ ఇంట్లో ఏ గోడ మీదా ఆమె ఎన్నడూ చూడలేదు. అన్నీ వదిలేసి ఆ ఒక్కదాన్నే తిన్న చెదలేమిటో ఆమెకు చిన్నప్పటి నుంచీ అర్థం కాలేదు.

పదకొండు గంటలకు తల్లీకూతుళ్ళు బేకరీకి వెళ్ళారు. ఈ పెళ్ళిలో విశ్రాంతమ్మకు అన్నిటికన్నా మోజు కేకు మీదే. పెళ్ళికొడుకు ఎబినేజర్ తరపు వాళ్ళు మధిర నుంచి రెండు బస్సుల్లో వస్తున్నారు. వాళ్ళు హాల్లో అడుగు పెట్టగానే ముందు కేకే కళ్ళబడాలి. బేకరీ యజమాని ఉదయ్ భాస్కర్ గాజు అరలో నిలబెట్టిన తెల్లటి ఐదంతస్తుల కేకు చూపించాడు. అంచుల నిండా క్రీము పూలు, పై కొసన చిన్న సిలువ. చూడగానే విశ్రాంతమ్మ మొహం విప్పారింది.

“మూడొందల మందికి సరిపోతదా?”

“కోసేది పైన ఒక్కటే అమ్మా. కింద నాలుగూ డమ్మీలు. థర్మోకోల్ మీద క్రీము పూస్తం. పంచేటందుకు లోపల ట్రేలల్ల విడిగా కోసి పెడ్తం.”

విశ్రాంతమ్మ గోటితో కింది అంతస్తు మీద కొట్టి చూసింది. టక్కుమంది.

“ఇదేందయ్యా, అట్టపెట్టె లెక్క మోగుతున్నది!”

“మే నెల ఎండలమ్మా. ఐదంతస్తులూ నిజం కేకే పెడితే పాస్టరు అయ్యగారి ప్రార్థన అయ్యేలోపల మొత్తం కుంగిపోతది. అందరూ గిట్లనే చేయించుకుంటరు. ఎవరికీ తెల్వదు.”

“ఎవరికీ తెల్వకపోతే? నాకు తెల్వదా? దేవుని మందిరంల ప్రమాణం చేసి వచ్చి, నా బిడ్డ ఉత్త థర్మోకోల్ ముందట నిలబడి కత్తి పట్టుకుంటదా? పైన తెల్లగ క్రీము పూసి, లోపల ఏమీ లేకుండ? మోసం చేసి పెళ్ళి చెయ్యాల్నా మేము?”

పఫ్ తింటున్న ఇద్దరు కాలేజీ పిల్లలు తినడం ఆపి చూశారు. మహిమ తల్లి మోచేయి పట్టుకుని లాగింది. “అమ్మా, నడువు. నీ పుణ్యముంటది.”

ఆటోలో ఇంటిదాకా విశ్రాంతమ్మ నోరు ఆగలేదు. పై పూతలకే పోతున్నది లోకం అంది. లోపల ఏమున్నదో ఎవరికీ అక్కర్లేదు అంది. మహిమ ఎండకు కళ్ళు చిట్లించుకుని బయటికి చూస్తూ కూర్చుంది. ఆటో డ్రైవరే మధ్యమధ్య “అవ్ అమ్మా, అవ్” అంటూ వచ్చాడు.

ఇంటికి చేరేసరికి వరండాలో శ్యామల కూర్చుని ఉంది. పక్క వీధిలో బ్యూటీ పార్లరు ఆమెది. పెట్టె తెరిచి గిన్నె, బ్రష్షు, ఒక డబ్బా వరసగా పెట్టుకుంది.

“రా మహిమా, కూసో. ఇయ్యాల బ్లీచుతోటి మొదలుపెడదం.”

మహిమ చెప్పులు విప్పకుండానే ఆగిపోయింది. “బ్లీచా? ఎనిమిది రోజుల ముందట? నాకు ఫేషియల్ అన్నదే అమ్మ. అక్కా, నేను నర్సును. దీనికి మొకం కాలి వచ్చినోళ్ళకు నేనే మందు పూసిన.”

“ఏం గాదు, నేను చూసుకుంటగా. ఇప్పుడు బ్లీచు, మూడు రోజుల ముందు ఫేషియలు, ఆ రోజు మేకప్పు రెండు షేడ్లు పైకి లేపుత.” శ్యామల డబ్బా మూత తిప్పుతూ మెచ్చుకోలుగా విశ్రాంతమ్మ వైపు చూసింది. “మీ అమ్మ ప్లాను మామూలుగ లేదు. తోడు పిల్లలకు కావాల్నని ముదురు రంగు చీరలు తెచ్చిందంట. వాళ్ళు చామనఛాయ పిల్లలే, ఆ రంగుల ఇంకింత కమిలినట్టుంటరు. వాళ్ళ పక్కన నువ్వు ఎత్తి కనపడ్తవు.”

విశ్రాంతమ్మ కళ్ళతో సైగ చేసింది. అప్పటికే మాట అయిపోయింది.

“షాపుల గవే ఉన్నయన్నవు” అంది మహిమ మెల్లగా.

“ఇప్పుడు ఆ ముచ్చటెందుకు? జల్దీ మొకం కడుక్కొని రా.”

“శ్రావణి నా కోసం సెలవు పెట్టుకొని వస్తున్నది. దాన్ని నా పక్కన నల్లగ నిలబెట్టేటందుకు పిలిచినమా మనం?”

“గంత మాటలెందుకే? పెళ్ళికూతురు కళగ ఉండాల్నని ఏ తల్లికి ఉండదు?”

“ఎబినేజర్ వాళ్ళమ్మ ఏమన్నా అన్నదా?”

“అనలే.”

“వాళ్ళింట్ల ఇంకెవరన్నా?”

“ఎవరూ అనలే! అంటరేమోనని!” విశ్రాంతమ్మ గొంతు పెద్దదయింది. “తెల్ల చీర కడితే మన రంగు ఇంక ఎక్కి కనపడ్తది. నీకు తెల్వదు. మూడొందల మంది చూస్తరు. ఆ ఫోటో బతికినన్ని రోజులు ఉంటది.”

“ఎబినేజర్ నన్ను చూసింది దవాఖానాల. వాళ్ళ తాతకు సెలైను ఎక్కిస్తుంటే, చెమటలు కారుకుంట ఉన్నప్పుడు చూసిండు. చూసి ఇష్టపడ్డడు. పెళ్ళి రోజు ముసుగు తీసినంక ఈ పిల్ల ఎవరని వెతుక్కోవాల్నా?” మహిమ తల్లి వైపు తిరిగింది. “పొద్దున బేకరీల గంత లొల్లి చేసినవు గదమ్మా. పైన తెల్లగ పూసి మోసం చెయ్యద్దని. ఆ కేకుకు ఉన్నపాటి విలువ లేదా నాకు?”

“మహిమా!”

“వాళ్ళెవరికో కాదు. నా మొకం ముందుగాల నీకే నచ్చలే.”

ఏడిస్తే విశ్రాంతమ్మ ఊరుకోబెట్టి ఉండేది. తలుపు విసిరి కొట్టినా తిట్టి ఉండేది. మహిమ ఆ రెండూ చేయలేదు. చెప్పులు విప్పి గోడవారగా పెట్టి, మెట్టు మీద కూర్చుని చేతులు చూసుకుంటూ ఉండిపోయింది. ఆ కూర్చోవడం విశ్రాంతమ్మ చూడలేకపోయింది. గబగబా లోపలి గదిలోకి వెళ్ళి, ఏదో సర్దేదానిలా బీరువా తలుపు తెరిచింది.

అన్నిటికన్నా కింది అరలో, పాత దుప్పట్ల అడుగున, గుడ్డలో చుట్టిన ఫోటో చేతికి తగిలింది. ఇరవై ఏడేళ్ళ కిందటిది. చెదలు దాని జోలికి ఎన్నడూ రాలేదు.

ఆ రోజు తనను తయారు చేసింది ఆడబిడ్డ ఆదెమ్మ. “ఏరికోరి ఈ నల్లపిల్లను తెచ్చుకున్నడు మా తమ్ముడు” అనుకుంటూ ఒకసారి పౌడరు అద్దింది. చాలలేదని నీళ్ళలో కలిపి మళ్ళీ పట్టించింది. ఫోటోలో తన మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది. దవడ కింద గీత గీసినట్టు తెలుపు ఆగిపోయింది. కిందేమో ప్లాస్టిక్ పూలగుత్తి పట్టుకున్న రెండు నల్లటి చేతులు. ఆ మొహం ఒకరిది, చేతులు మరొకరివి అన్నట్టు. ఫోటోలు వచ్చిన రోజు ఇంట్లో అందరూ పడీపడీ నవ్వారు. తనూ వాళ్ళతో కలిసి నవ్వి, వంటింట్లోకి వెళ్ళి కూర్చుంది. ఆ తర్వాత దాన్ని గోడకు ఎక్కనివ్వలేదు.

ఇన్నేళ్ళూ ఆదెమ్మ మీద కోపం మోసింది. ఇప్పుడు తన బిడ్డకు ఆదెమ్మ చేసిన పనే చేయబోయింది తను. పౌడరు బదులు బ్లీచు, అంతే.

“ఏంది లొల్లి?” స్తెఫను కళ్ళు నులుముకుంటూ గడపలోకి వచ్చాడు. భార్య చేతిలోది చూసి నిద్రమత్తు వదిలింది. “ఇది చెదలు తిన్నదంటివి?”

విశ్రాంతమ్మ కళ్ళు తుడుచుకుంది.

స్తెఫను ఫోటో అందుకుని వెలుతురుకు పట్టి చూశాడు. “ఆ రోజు నాకు భయమైంది తెలుసా? మందిరంల పక్కకు తిరిగి చూస్తే ఎవరో తెల్వని మనిషి. పాలేరు చెరువు కాడ మీ ఇంటికొచ్చి నేను చూసిన పిల్ల ఏడికి పోయిందిరా దేవుడా అనుకున్న. తెల్లారి బోరింగు కాడ మొకం కడుక్కొని కొంగుతోటి తుడుసుకుంట వచ్చినవు. అప్పుడు పానం నిమ్మళమైంది. ఆమెనే ఈమె అనుకున్న.”

“ఇరవై ఏడేండ్ల నుంచి ఈ మాట చెప్పాలని తోచలేదా మీకు?” ఏడుపులోనే కసిరింది విశ్రాంతమ్మ.

“నువ్వు ఫోటోనే లేదంటివి. ఎట్ల చెప్పాలె?”

ఆమె ఫోటో లాక్కుని వరండాలోకి వెళ్ళింది. మెట్టు మీద కూతురి పక్కనే కూర్చుని దాన్ని ఆమె ఒళ్ళో పెట్టింది. మహిమ చూసింది. పెదవులు బిగించింది. నవ్వు రాబోయి ఆగిపోయింది.

“నవ్వు. అప్పుడు అందరూ నవ్విన్రు.”

“ఎవరు చేసిన్రమ్మా నీకు గిట్ల?”

“మీ అత్తమ్మ. నీకైతే నేనే చెయ్యబోయిన.” విశ్రాంతమ్మ ఫోటోలోని తన మొహం మీద వేలు పెట్టింది. “నీ మొకం నాకు నచ్చకపోవుడు కాదు బిడ్డా. నా మొకం నాకు నచ్చకుండ చేసిన్రు. నువ్వేమో నా పోలిక.”

మహిమ తల్లి భుజం మీద తల పెట్టి, అప్పటిదాకా ఆపుకున్నదంతా ఏడ్చేసింది. విశ్రాంతమ్మ ఆమె చెంప మీద చెయ్యి వేసింది. చెంపా చెయ్యీ ఒకటే రంగు. ఆ సంగతి ఆమె అంత దగ్గరగా చూడడం అదే మొదటిసారి.

కాసేపటికి వరండా మూల నుంచి చిన్నగా గొంతు వినిపించింది. “అక్కా, నేను ఉండాల్నా, పోవాల్నా?”

“నువ్వింక ఉన్నవా శ్యామలా!” విశ్రాంతమ్మ ముక్కు చీదుకుంది. “ఆ డబ్బా మూత పెట్టు ముందు. చాయ్ తాగి పోదువు. పెళ్ళినాడు వచ్చి కాటుక, పూలు, జడ నీ ఇష్టం. మొకానికి రంగు పెట్టేటప్పుడు మాత్రం దాని చెయ్యి పక్కన పెట్టుకొని చూసి పెట్టు.”

ఆ సాయంత్రం మళ్ళీ బేకరీకి వెళ్ళినప్పుడు ఉదయ్ భాస్కర్ ఆమెను చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆమె ఈసారి అరవలేదు. ఒకటే అంతస్తు, క్రీము లేని కేకు, మందిరంలో బల్లంత వెడల్పుగా కావాలంది. కత్తి దిగితే అడుగు దాకా దిగాలంది. వంగపండు రంగు చీరలు వెనక్కి తీసుకునేది లేదని షాపు వాళ్ళు మొండికేస్తే, ఒకటి తను కట్టుకుంది, ఒకటి ఆదెమ్మకు పెట్టింది. తోడు పిల్లలకు పీచ్ రంగే వచ్చింది. టైలరు నాలుగు రోజులు ఫోను ఎత్తకుండానే జాకెట్లు కుట్టి పంపాడు.

పెళ్ళి రోజు హాల్లో తెర మీద ఆ పాత ఫోటో పడగానే అందరికన్నా ముందు విశ్రాంతమ్మే నవ్వింది. ముందు వరసలో ఆదెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల దించుకుంది. విశ్రాంతమ్మ వెళ్ళి ఆమె పక్క కుర్చీలో కూర్చుంది. “బాగనే పట్టిచ్చినవు వదినా” అంది. ఆదెమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

వేదిక మీద మహిమ తెల్ల చీరలో, తన రంగులో తను నిలబడి ఉంది. పక్కన శ్రావణి చెవిలో ఏదో చెబితే ఇద్దరూ పళ్ళు కనిపించేలా నవ్వారు. ఎబినేజర్ ఆమె చెయ్యి మీద చెయ్యి వేసి కేకు కోశాడు. కత్తి అడుగు దాకా దిగింది.

నాగచైతన్య కెమెరా వెనక తెరలో కేకు కోస్తున్న ఫోటో చూపిస్తూ విశ్రాంతమ్మ దగ్గరికి వచ్చాడు.

“అమ్మా, మహిమ మొహం ఒక్కటి కొంచెం బ్రైట్ చేసి ఇయ్యమంటరా? అందరూ చేయించుకుంటరు.”

“మళ్ళ మొదలుపెట్టినవా బాబూ!” విశ్రాంతమ్మ విసుక్కుంది. “చేతులు ఏ రంగున్నయో మొకం గదే రంగుండాలె. రేపొద్దున నా గోడకు తగిలిస్త దాన్ని.”