పులస రాణికి ప్రవేశం లేదు

“పన్నెండేళ్లు దాటినవాళ్లు వేషంతో లోపలికి రాకూడదండి.”

ఫణిశ్రీ తన తోకను ఎడమచేత్తో ఎత్తిపట్టుకుని, ఆ మాటన్న మనిషిని తల నుంచి బూట్ల దాకా చూసింది. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా. జేబు మీద ‘ఉదయ్‌భాస్కర్, గెస్ట్ రిలేషన్స్’ అని బిళ్ల. మెడలో టై. శ్రావణమాసపు ఉక్కలో, కొవ్వూరు అరటితోటల మధ్య, టై! మనిషి సంగతి తేల్చెయ్యడానికి ఆమెకు అదొక్కటీ చాలింది.

“ఏ వేషమండీ?”

“మా పులస రాణి వేషమండి.”

“మీ పులసా? గోదాట్లోకి పులసల్ని కూడా పల్లంరాజు గారే వదుల్తున్నారా?”

టికెట్ల కిటికీ దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. అతను మాత్రం నవ్వలేదు. గోడకున్న బోర్డు చూపించాడు. ‘పెద్దలు పార్కు పాత్రల వేషధారణలో ప్రవేశించరాదు’ అని ఎర్రటి అక్షరాలు.

పల్లంరాజు గారు రొయ్యల చెరువుల మీద గడించిన పెద్దమనిషి. ఏదో దేశం వెళ్లి అక్కడో పార్కు చూసొచ్చారు. అలాంటిది గోదావరి జిల్లాలకి లేకపోతే పరువు దక్కదని ‘పల్లంరాజు ఫన్ లోకం’ కట్టించారు. ఓ జెయింట్ వీల్, రెండు జారుడుబల్లలు, మోటారు వేస్తే అలలొచ్చే తొట్టి. వాటి మధ్య చేపల వేషాల్లో తిరిగే జీతగాళ్లు. పులస రాణి, బొమ్మిడాయి మంత్రి, రొయ్య సేనాపతి. నిడదవోలులో ఓ జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పే ఫణిశ్రీకి ఆ పార్కు కరపత్రం చూసినప్పుడే ఒళ్లు మండింది. పులస కళ్లకి బారెడు వెంట్రుకలు, కాళ్లకి హైహీల్స్! రొయ్యనేమో చేపల్లో కలిపేశారు.

అలాంటి చోటికి ఆమె రావడానికి కారణం మణిశంకర్.

మణిశంకర్ హైదరాబాదులో సెల్‌ఫోన్ల కంపెనీలో మేనేజరు. ఫణిశ్రీ నాన్న సూర్యప్రకాశం గారికి తెలిసినవాళ్లు తెచ్చిన సంబంధం. అబ్బాయి పెళ్లిచూపులు ఇంట్లో వద్దన్నాడు. “చీర, కాఫీ ట్రే... ఆ బోర్ అంతా ఎందుకండీ? ఫన్ లోకంలో కలుద్దాం. ఏదైనా డిఫరెంట్‌గా రండి” అన్నాడు ఫోన్లో. ఉద్యోగం డిఫరెంట్, బైకు డిఫరెంట్, తన ఆలోచనలు డిఫరెంట్. విని విని విసుగొచ్చి, “అయితే పులస రాణి వేషంలో వస్తాను, గుర్తుపట్టండి” అంది వెటకారంగా.

“వావ్! సో కూల్!” అన్నాడతను.

వెటకారం తెలియని మనిషితో వేగడం ఎలా? ఆమె పంతానికి పోయి నిజంగానే వేషం కుట్టింది. వెండిరంగు శాటిన్ మీద వరసగా పొలుసులు, మొప్పల చోట మొప్పలు, రెండుగా చీలిన తోక. అబ్బాయి తల్లిదండ్రులతో కలిసి నాన్న ముందే లోపలికి వెళ్లిపోయాక, రోడ్డవతల ఎస్టీడీ బూత్ వెనక నిలబడి చుడీదార్ మీద దాన్ని తొడుక్కుని వచ్చింది. తీరా వస్తే గేటు దగ్గర ఈ టై.

“అసలీ రూలెందుకో చెప్పండి” అంది.

“లోపల అందరూ మిమ్మల్ని మా స్టాఫ్ అనుకుంటారండి. పిల్లల్ని నమ్మకంగా మీ చేతికిచ్చి ఫొటోలు తీసుకుంటారు. మీరెవరో మాకు తెలీదు కదండి.”

“పిల్లల్నెత్తుకుపోయేదానిలా ఉన్నానా?”

“లేరండి. ఎత్తుకుపోయేవాళ్లు కూడా అలా ఉండరండి.”

మాట సబబుగానే ఉంది. అందుకే ఆమెకు ఇంకా మండింది.

“చేప కళ్లకి వెంట్రుకలు పెట్టిన పార్కుకి ఇన్ని జాగ్రత్తలు కూడానా! మీరెప్పుడైనా చేపని చూశారా?”

“మా ఇంట్లో తినరండి. అంతగా తెలీదు.”

“మా ఇంట్లోనూ తినరు. నేను తెలుసుకోలేదా?”

“మీరు చదువుకున్నారండి” అన్నాడతను. అది పొగడ్తో ఎత్తిపొడుపో ఆ మొహంలో ఎంత వెతికినా తెలియలేదు. “ఒక్క మనవండి. లోపల చుడీదార్ ఉన్నట్టుంది. ఈ వేషం నా గదిలో పెడితే నలక్కుండా చూస్తాను. చాలా బాగా కుట్టారు.”

“మీ సర్టిఫికెట్ నాకక్కర్లేదు. తోక మడత పెట్టకండి.”

“అలాగేనండి.”

దాన్ని రెండు చేతుల్తో, పట్టుబట్టలు అందుకున్నట్టు అందుకున్నాడు. ఆ మర్యాద చూసి కూడా ఆమె మొహం చిట్లించింది.

ఇద్దరూ లోపలికి నడిచేసరికి చినుకులు మొదలయ్యాయి. దారి చూపిస్తానని వచ్చిన ఉదయ్‌భాస్కర్ గొడుగు విప్పి, ఆమె మీద పట్టి తను తడుస్తూ నడిచాడు. ఫౌంటెన్ పక్కనున్న రేకుల పందిరి దగ్గరికి వచ్చాక ఫణిశ్రీ ఠక్కున ఆగిపోయింది.

పందిరి కింద బెంచీ మీద, ఫొటోలో చూసిన మణిశంకర్ కూర్చుని ఉన్నాడు. పక్కన పార్కు పులస రాణి, హైహీల్స్‌తో సహా.

“మీ కాస్ట్యూమ్ అదిరిందండీ ఫణిశ్రీ గారూ!” అంటున్నాడు మణిశంకర్.

పులస రాణి తలూపింది.

ఫణిశ్రీ పీచుమిఠాయి బండి చాటుకి జరిగింది. “ఆవిడ నేను కాదని చెప్పదేం?” అంది గుసగుసగా.

“సాయిదుర్గ అండి. వేషంలో ఉన్నంతసేపు మాట్లాడకూడదు. తలూపొచ్చు. అదీ రూలే.”

“మీ దగ్గర రూల్స్ తప్ప ఇంకేమీ లేవా?”

“గొడుగుందండి” అని, దాన్ని ఇంకాస్త ఆమె వైపు వంచాడు.

వెళ్లి అడ్డుపడదామనుకుంది గానీ, మణిశంకర్ గొంతు సవరించుకోవడం చూసి ఆగింది.

“నేను ఓపెన్‌గా చెప్పేస్తానండి. పెళ్లయ్యాక ఆ కాలేజీ ఉద్యోగం మానెయ్యాలి. కప్పల్ని కోసిన చేతుల్తో వడ్డిస్తే మా మమ్మీ తినదు.”

రాణి తలూపింది.

“మీ పేరెంట్స్ కూడా, ఏ పండక్కో వచ్చి వెళ్తే చాలు. మీ నాన్నగారు వచ్చిన దగ్గర్నుంచీ పద్యాలండీ బాబూ! నా తల పగిలిపోయింది. ఆ ముసలాయన్ని భరించడం నావల్ల కాదు.”

రాణి కాస్త ఆలోచించి తలూపింది.

“ఫోన్లో మీరు తెగ వాదిస్తుంటే భయపడ్డాను. ఇవాళ ఒక్క మాట కూడా మాట్లాడలేదు చూడండి, అది నాకు బాగా నచ్చింది.”

ఫణిశ్రీకి మొదట ఒళ్లంతా మండిపోయింది. తర్వాత నవ్వు తన్నుకొచ్చింది. ఆపుకోలేక ఉదయ్‌భాస్కర్ మోచెయ్యి పట్టుకుంది. పట్టుకున్నానని తెలియగానే, వేడి గిన్నె ముట్టుకున్నట్టు వదిలేసి, గబగబా పందిరి కిందికి నడిచింది.

“నమస్కారమండి. ఫణిశ్రీని నేను. మీరింతసేపూ సంబంధం మాట్లాడుకున్నది పార్కు ఉద్యోగితో.”

మణిశంకర్ చేపని చూశాడు, ఆమెని చూశాడు, మళ్లీ చేపని చూశాడు. “మీరు పులస రాణిలా వస్తానన్నారుగా?”

“వచ్చాను. గేటు దగ్గర ఆపేశారు. నా అదృష్టం.”

“ఇది చీటింగ్!”

“ఏదండీ? నాకు చెవులుండటమా?”

అతను విసురుగా లేచి ఐస్‌క్రీమ్ పార్లర్ వైపు నడిచాడు. పెద్దవాళ్లంతా అక్కడే ఉన్నారు. మణిశంకర్ తండ్రికి పాత స్నేహితుడు కావడంతో పల్లంరాజు గారు కూడా వచ్చి కూర్చున్నారు. ఫణిశ్రీ చేరేసరికి మణిశంకర్ చెప్పెయ్యడం అయిపోయింది. ఈ అమ్మాయి కావాలని ఎవరో చేప వేషగత్తెని కూర్చోబెట్టి తనని ఫూల్ చేసిందట. తను పల్లెత్తు మాటనలేదట.

“ఏంటమ్మా ఫణీ ఇది?” అన్నారు సూర్యప్రకాశం గారు. నలుగురిలో తలవంపులైందన్న బాధతో ఆయన గొంతు సన్నబడింది.

ఎదుటివాడు ఒకటంటే నాలుగనగలిగే ఫణిశ్రీకి నోరు పెగల్లేదు. జరిగింది చెప్పాలంటే పద్యాల మాట చెప్పాలి. రిటైరయ్యాక నాన్నకి మిగిలిన సంతోషం అదొక్కటే. ముసలాయన్ని భరించలేనన్నాడని, ఇంతమందిలో, ఆయన మొహం మీదే ఎలా చెప్పడం? తల దించుకుని నిలబడింది.

“తప్పు ఈవిడది కాదండి” అన్న మాట వెనక నుంచి వినిపించింది.

పల్లంరాజు గారు కళ్లెర్రజేశారు. “ఏమయ్యా, గెస్టుల సొంత విషయాల్లో స్టాఫ్ తలదూర్చకూడదని రూలు రాసింది నువ్వే కదా?”

“నేనేనండి. ఇవాళ తప్పుతున్నాను.” ఉదయ్‌భాస్కర్ చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. “పెళ్లయ్యాక ఉద్యోగం మానాలన్నారండి. అమ్మాయి నోరెత్తకపోవడం బాగా నచ్చిందన్నారు. నేనక్కడే ఉన్నాను.”

అంతే చెప్పి ఆపేశాడు.

ఫణిశ్రీ తలెత్తి చూసింది. పద్యాల మాట అతనూ విన్నాడు, మర్చిపోయే మాట కాదది. కావాలనే వదిలేశాడు.

“వీడెవడండీ చెప్పడానికి?” అన్నాడు మణిశంకర్.

అప్పుడు వెనకే వచ్చిన పులస రాణి తన తల ఊడదీసి చంకలో పెట్టుకుంది. చెమటతో తడిసిన మొహంతో సాయిదుర్గ, “ఆయ్, నేనూ విన్నానండి. నా చేత తలూపించుకున్నారు కూడాను” అంది.

ఆ తర్వాత మాటలు పెరిగాయి, కుర్చీలు జరిగాయి, మణిశంకర్ వాళ్ల కారు వెళ్లిపోయింది. సూర్యప్రకాశం గారు కూతురి చెయ్యి పట్టుకుని, “ఉద్యోగం మానాలన్నాడా? పద, ఇంటికి పోదాం” అన్నారు. ఆ హడావుడిలో గేటు దగ్గర ఉంచిన వేషం సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

తర్వాతి ఆదివారం దానికోసం తండ్రీకూతుళ్లు మళ్లీ వచ్చారు. వేషం కోసమేనని ఫణిశ్రీ దారి పొడుగునా చెప్పింది, నాన్న అడక్కపోయినా. గేటు దగ్గర కొత్త మనిషి ఉన్నాడు. టీ తాగుతున్న సాయిదుర్గ పరిగెత్తుకొచ్చింది.

“ఆయన్ని ఆ సాయంత్రమే తీసేశారండి. నన్నూ తీసేసేవారే, ఆ చేప సూటు ఇంకెవరికీ పట్టలేదు. మీ వేషం ఆయన ఇంటికి పట్టుకెళ్లారండి, ఇక్కడుంటే పార్కువాళ్లు వాడేసుకుంటారని.”

ఉదయ్‌భాస్కర్ ఇల్లు కొవ్వూరులో, గోదావరి గట్టుకి దగ్గర్లో. వాళ్లమ్మగారు ఇద్దర్నీ లోపలికి పిలిచి, తోక మడత పడకుండా గోడకి వేలాడదీసిన వేషాన్ని చూపించారు. తమ మూలంగా ఉద్యోగం పోయిందని నొచ్చుకోవడానికి వచ్చిన సూర్యప్రకాశం గారు, ఆవిడకి పద్యాలంటే ఇష్టమని తెలిసి కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. ఫణిశ్రీ అరుగు మీదికి వచ్చింది. బయట వాన ధారగా పడుతోంది. ఉదయ్‌భాస్కర్ స్తంభం పక్కన నిలబడి ఉన్నాడు.

“ఉద్యోగం పోయిందని ఓ మాట చెప్పాలని తెలీదా?”

“మీ ఫోన్ నంబర్ తెలీదండి.”

“కనుక్కోవాలి. అన్నీ రూల్స్ ప్రకారం ఎవరో తెచ్చి చేతికివ్వాలా?”

“ఒకటో తారీఖు నుంచి రాజమండ్రిలో హోటల్లో చేరుతున్నానండి. చేరాక వచ్చి చెబుదామనుకున్నాను.”

“ఆ రోజు మా నాన్నగారి పద్యాల సంగతి ఎందుకు చెప్పలేదు?”

“మీరు చెప్పలేకపోయింది అదేననిపించిందండి.”

అతన్ని అనడానికని వారం నుంచి మనసులో ఎన్నో మాటలు నూరి పెట్టుకుంది. వాటిలో ఒక్కటీ ఇప్పుడు పనికిరాలేదు.

“పార్కులో ఇంకో రూలుండేదండి” అన్నాడతను. “స్టాఫ్ గెస్టులతో పరిచయం పెంచుకోకూడదని.”

“అదీ మీ ఘనకార్యమేనా?”

“నాదేనండి. బొత్తిగా బుద్ధిలేకుండా రాశాను. ఇప్పుడు నేను స్టాఫ్ కాదు కదండి. అందుకని...”

“ఊఁ. అందుకని?”

“మీరంటే నాకిష్టమండి. మీరు తిట్టడం మొదలెట్టిన దగ్గర్నుంచీ.”

“అబ్బ! ఎంత చప్పగా చెప్పారండీ!” అంది ఫణిశ్రీ. గుండె దడదడలాడుతోందని అతనికి తెలిసిపోతుందేమోనని ఇంకా గట్టిగా అంది, “కాస్త సాధన చేసి చెప్పాల్సింది.”

“వారం నుంచీ చేస్తున్నానండి. ఇంతే వచ్చింది.”

“నేను కాలేజీ మానను.”

“మానొద్దండి.”

“నోరు కూడా మూసుకోను. మీరు చేసే ప్రతి పనికీ వంక పెడతాను.”

“సరేనండి.”

“ముందు ఆ ‘అండి’ మానెయ్యండి!”

“అదొక్కటీ కష్టమండి.”

లోపల పద్యం ఆగిపోయి చాలాసేపైందని వాళ్లిద్దరూ గమనించలేదు. చూస్తే గుమ్మంలో సూర్యప్రకాశం గారు, ఆయన వెనక ఉదయ్‌భాస్కర్ వాళ్లమ్మగారు.

“ఫణీ, ఈ అబ్బాయి నీకు నచ్చాడా?”

ఆమె అలవాటు కొద్దీ ఏదో పుల్లవిరుపు మాటనబోయింది. నాన్న కళ్లలోకి చూసేసరికి ఆ మాట పెదాల దాకా రాలేదు.

“నచ్చాడు నాన్నా” అంది.

వెటకారం లేకుండా కూతురు మాట్లాడగా విని ఎన్నాళ్లైందో, సూర్యప్రకాశం గారు కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు. “మాకింకేం కావాలమ్మా” అన్నారు ఉదయ్‌భాస్కర్ వాళ్లమ్మగారి వైపు తిరిగి.

“మరి మావాణ్ణి ఓ మాట అడగరా అన్నయ్యగారూ?” అని ఆవిడ నవ్వింది. అందరూ అతని కోసం చూశారు. ఉదయ్‌భాస్కర్ వెనక్కి వెనక్కి నడుస్తూ ఎప్పుడు అరుగు దిగాడో, వాకిట్లో నిలబడి నిలువునా తడుస్తున్నాడు. ఆ సంగతి అతనికి తెలిసినట్టే లేదు. ఫణిశ్రీనే చూస్తున్నాడు.

ఫణిశ్రీ మెట్టు మీదికి వచ్చి, వానలోకి చెయ్యి చాపింది.

“లోపలికి రండి మహానుభావా! జ్వరమొచ్చి పడుకుంటే, తిట్టుకోవడానికి నేను ఇంకెవర్ని వెతుక్కోను?”