నిదానం అన్న ఇల్లు

కూతురి చెంప ఛెళ్ళుమంది!

ఆ చప్పుడికి కొట్టిన తల్లే ఉలిక్కిపడింది. పాతికేళ్ళొస్తున్న పిల్ల... కళ్ళద్దాల షాపులో పొద్దస్తమానం నిలబడి ఉద్యోగం చేస్తూ సంసారాన్ని భుజాన వేసుకున్న పిల్ల... ఊహ తెలిసిననాటి నుంచి ఒక్క దెబ్బైనా తినని పిల్ల! ఆమె అరచెయ్యి మంట పెడుతోంది. పిల్ల మాత్రం ఏడవలేదు. చెంప మీద వేళ్ళు తేలుతుంటే, కుట్టుమిషను పక్కనున్న స్టూలు మీద కూలబడి నేలకేసి చూస్తోంది.

ఇంతకీ ఆ పిల్ల చేసిన నేరం వింటే, ఈ మాత్రానికేనా అంటారు ఎవరైనా. ఇంటర్నెట్లో ఒక మ్యాపులోంచి తమ ఇంటి గుర్తు తీసేసింది. అంతే!

కానీ ఆ గుర్తే ఆ ఇల్లాలికి ప్రాణం. ఆమె భర్త బండి మీద వారాల తరబడి కొండలూ కోనలూ తిరిగొచ్చే రకం. అలాంటి తిరుగుడు పిచ్చి ఉన్నవాళ్ళందరికీ ఇంటర్నెట్లో ఒక గ్రూపు ఉంది. ఒకరి మొహం ఒకరు చూడనివాళ్ళు కూడా అన్నా, తమ్ముడూ అని వరసలు కలుపుకుని, ఏ రోడ్డు బాగుంది, ఏ టైరు మన్నుతుంది అని రోజంతా ఊసులాడుకుంటారు. దారిలో ఎవరింట్లో పడక దొరుకుతుందో, ఎవరి దగ్గర పనిముట్లున్నాయో ఒక మ్యాపులో గుర్తులు పెట్టుకుంటారు. ఆయన కూడా తన ఇంటికి ఒక గుర్తు పెట్టి, దాని కింద ఇలా రాశాడు: "ఏ వేళకైనా రండి. భోజనం, పడక, పనిముట్లు అన్నీ ఉన్నాయి. మా ఆవిడ ఏమీ అనదు." ఆ చివరి మాట చదివి ఆమె అప్పట్లో వారం రోజులు సాధించింది. తరవాత వచ్చినవాళ్ళకి వడ్డిస్తూ, వాళ్ళ నోట "వదినా" అనిపించుకుంటూ, ఆ మాటని తనే నిజం చేసింది.

ఎంత ఖాళీ రోడ్డు మీదైనా తొందరపడడని గ్రూపులో ఆయనకి నిదానం అన్న అని పేరు. ఆ పేరు చూసి విధి ఎంత నవ్వుకుందో! మూడేళ్ళ కిందట, ఇంకాసేపట్లో ఇల్లు చేరతాడనగా, మలుపు తిరగ్గానే దీపాలు లేకుండా ఆగి ఉన్న లారీ... ప్రాణం దక్కింది. మనిషి దక్కలేదు. మాట లేదు, చూపు నిలవదు. మింగడానికి కూడా ఎవరో ఒకరు గొంతు నిమరాలి. లోపల ఆయనకి ఎంతవరకు తెలుస్తోందో చెప్పలేమని డాక్టర్లు చేతులెత్తేశారు.

ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన కొత్తలో, గ్రూపు కుర్రాళ్ళిద్దరు చూడడానికి వచ్చారు. వెళ్ళిపోతూ కిటికీ కింద బండి స్టార్టు చేశారు. అప్పుడు చూసింది ఆమె! ఆయన కుడిచేతి వేళ్ళు నాలుగూ చాచుకుని, గట్టిగా మూసుకున్నాయి. దుప్పటి కింద కుడి పాదం కదిలింది. చేతిలో గిన్నె వదిలేసి వీధిలోకి పరిగెత్తింది. "ఇంకోసారి తమ్ముడూ... ఇంకొక్కసారి! మీ అన్న బండి నడుపుతున్నారు!" అని ఏడుస్తూ నవ్వింది. వాళ్ళు ఇంజను హోరెత్తేలా మళ్ళీ రైజ్ చేశారు. ఆయన వేళ్ళు మళ్ళీ బిగిశాయి. ఆ కాసింత కదలికలో ఆమెకి పోయిన మొగుడు తిరిగొచ్చినట్టయింది.

ఆనాటి నుంచి ఆ ఇంటికి వచ్చే ప్రతి రైడరునీ ఆమె కోరేది ఒక్కటే. పడక ఇచ్చేది, వేడి వేడిగా వండిపెట్టేది, చిరిగిన సైడు బ్యాగులూ తెగిన పట్టీలూ తన మిషను మీద కుట్టిచ్చేది. వెళ్ళేముందు మాత్రం కిటికీ కిందికి వచ్చి బండి రైజ్ చెయ్యాలి! ఎవరో దాన్ని వీడియో తీసి "నిదానం అన్న ఇంకా రైడ్‌లోనే ఉన్నాడు" అని గ్రూపులో పెట్టారు. దాని కింద వేలమంది ఎర్రటి గుండెలు పెట్టారు. పని గట్టుకుని దారి మళ్ళించుకుని వచ్చినవాళ్ళున్నారు. కొన్నాళ్ళకి రాకపోకలు పలచబడితే, "ఈ వైపు రారేం తమ్ముళ్ళూ?" అని ఆమే గ్రూపులో అడిగి మరీ రప్పించుకునేది. చప్పుడు ఆగాక ఆయన నుదుటి మీద పట్టిన చెమట తువ్వాలుతో అద్దుతూ, "ఇవాళ ఎంత దూరం వెళ్ళొచ్చారండీ?" అని మురిపెంగా అడిగేది.

కూతురు చిట్టికి ఇది మొదటి నుంచీ గిట్టలేదు. పొగకి నాన్న దగ్గుతున్నాడంది. ఇరుగుపొరుగు విసుక్కుంటున్నారంది. ముక్కూ మొహం తెలియనివాళ్ళకి వండి వార్చి ఒళ్ళు హూనం చేసుకుంటున్నావంది. తల్లి దగ్గర అన్నిటికీ సమాధానం ఉంది. చివరికి ఆ పిల్ల తండ్రి ఖాతాలోకి వెళ్ళి గుర్తే తీసిపారేసింది.

"నీకు నాన్న బరువైపోయారు," అంది తల్లి. "ఆయనకి మిగిలింది ఆ ఒక్క సంతోషం. అది కూడా నువ్వు ఓర్చుకోలేకపోయావు."

పిల్ల తలెత్తింది. "అవునమ్మా. ఓర్చుకోలేకపోయాను."

అంత నిబ్బరంగా ఒప్పుకుంటుందని ఆమె అనుకోలేదు. ఆనాటి నుంచి తల్లీకూతుళ్ళ మధ్య మాటలు ఆగిపోయాయి. ఒకే గదిలో తిరుగుతూ, ఒకే మనిషిని చెరో పక్కా పట్టి పక్క మీద ఒత్తిగిలిస్తూ, ఎడమొహం పెడమొహంగా రోజులు దొర్లించారు. చప్పుడు లేని కిటికీ దగ్గర ఆ నాలుగు వేళ్ళనీ చూస్తూ కూర్చునేది ఆమె. అవి కదిలేవి కావు. ఆయన రెండోసారి పోయినట్టనిపించేది.

అలాంటి రోజుల్లో వచ్చింది లెక్కల టీచరు. ఏభై దాటిన మనిషి, బళ్ళో సెలవులిస్తే చాలు ఒంటరిగా బండేసుకుని పోయే మనిషి. ఆ ఇంటికి ఆవిడ కొత్త కాదు, మ్యాపు అవసరం లేదు. గుర్తు కనబడకపోయేసరికి ఇంట్లో ఏం ముంచుకొచ్చిందోనని భయపడి వచ్చానంది. ఆ మాత్రం ఆదరణకే ఈ ఇల్లాలి గుండె కరిగిపోయింది. కూతురు చేసినదంతా చెప్పుకుని వెక్కివెక్కి ఏడ్చింది. నా కడుపున పుట్టి ఇంత రాతిగుండె ఎక్కడి నుంచి వచ్చింది టీచరుగారూ, అని అడిగింది. పోయేముందు ఒక్కసారి బండి రైజ్ చేసి వెళ్ళమని బతిమాలింది.

టీచరు టీ గ్లాసు కింద పెట్టింది. తరవాత, "వదినా, మీరెప్పుడైనా అన్నయ్య బండి ఎక్కారా?" అని అడిగింది.

ఎక్కలేదు. బండంటే ఆమెకి చచ్చేంత భయం. ఎక్కడికైనా బస్సే. ఆయన వెనక సీటు ఎప్పుడూ కూతురిదే. ప్రమాదం తరవాత గ్రూపువాళ్ళే ఆ బండిని బాగుచేయించి తెచ్చి పెరటి షెడ్డులో పెట్టి వెళ్ళారు. రోజూ దుమ్ము తుడవడం వరకే ఆమెకి తెలుసు.

"ఒక్కసారి ఎక్కండి. స్టాండు మీదే ఉంది, ఎక్కడికీ పోదు," అంది టీచరు.

ఇదేం పిచ్చి అనుకుంటూనే ఎక్కింది. భయంలో కూడా చిన్న ముచ్చట... ఆయన కూర్చున్న చోటు, ఆయన పట్టుకున్న పిడులు! టీచరు పక్కన నిలబడి, బళ్ళో పిల్లలకి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పసాగింది. "కుడిచేతిలో ఉన్నది యాక్సిలరేటర్. మణికట్టు ఇలా వెనక్కి తిప్పాలి. దీనికి వేళ్ళతో పని లేదు. చూశారా?"

ఆమె తిప్పింది. నవ్వొచ్చింది కూడా.

"కానీ నడపడం కన్నా ముందు ఆపడం నేర్చుకోవాలి వదినా. ఎదురుగా ఏదో అడ్డొచ్చిందనుకోండి. నాలుగు వేళ్ళూ చాపి ఈ బ్రేకు లీవరు అందుకుని గట్టిగా లోపలికి లాగాలి. దాంతోపాటే కుడి పాదంతో కింద దీన్ని తొక్కాలి."

ఆమె నాలుగు వేళ్ళూ చాపింది. లాగింది. పాదం నొక్కింది.

ఇంకోసారి చేసింది. మూడోసారి చెయ్యబోయి తన చేతికేసి చూసుకుంది... అంతే! ఆ చెయ్యి తనది కాదు. ఆ వేళ్ళు చాచుకోవడం, మూసుకోవడం, ఆ పాదం కిందికి దిగడం... మూడేళ్ళుగా మంచం పక్కన కూర్చుని తను మురిసిపోతూ చూసినది ఇదే! ఆయన బండి నడపడం లేదు. ఆపుతున్నారు! చప్పుడు వినబడిన ప్రతిసారీ మలుపు దగ్గర ఆ లారీ ఆయన కళ్ళ ముందు నిలబడుతోంది. ప్రతిసారీ ఆపబోతున్నారు, ఆపలేకపోతున్నారు. పక్కనే కూర్చుని కట్టుకున్న పెళ్ళాం "ఇంకోసారి తమ్ముడూ, ఇంకొక్కసారి" అని అరుస్తోంది! తను మురిపెంగా అద్దిన ఆ చెమట... అయ్యో, అది ఏ చెమట? టీచరే ఆమెని నడుం పట్టుకుని బండి మీది నుంచి దింపింది.

ఆ లీవరుకేసి చూస్తూ అడిగింది ఆమె. "కావాలనే నేర్పారు కదూ?"

"నోటితో చెప్పలేకపోయాను వదినా." టీచరు కళ్ళు తుడుచుకుంది. "మొదటిసారి వచ్చినప్పుడే చూశాను. బండి నడిపేవాళ్ళకి చెప్పక్కర్లేదు, చూస్తే తెలిసిపోతుంది. వీధి చివర బండి ఆపుకుని ఏడ్చాను. కానీ మీ మొహంలో ఆ వెలుగు చూశాక చెప్పే ధైర్యం ఎవరికి వస్తుంది?"

అంటే గ్రూపులో అందరికీ తెలుసు. ఆ వీడియో కింద పెట్టిన గుండెలన్నీ ఆయనకి కాదు, ఈమెకి. దారి మళ్ళించుకుని వచ్చిన ప్రతివాడూ ఈ పిచ్చి వదిన మనసు కష్టపెట్టకూడదని కిటికీ కింద పళ్ళబిగువున బండి రైజ్ చేసి, వెనక్కి తిరిగి చూడకుండా పోయినవాడే. జాలిపడేవాళ్ళు కూడా ఎంత పని చేస్తారు! వాళ్ళ మీద కోపం తెచ్చుకుందామని చూసింది, రాలేదు. అంతా తన చేతులతో చేయించుకున్నదే.

"మా చిట్టికి?" అని అడిగింది. అడుగుతున్నప్పుడే జవాబు తెలిసిపోయింది. చిన్నప్పటి నుంచీ ఆయన వెనక సీట్లో పెరిగిన పిల్లకి ఆ చెయ్యి తెలియదా!

అందరికన్నా ముందు చూసింది చిట్టేనట. అమ్మకి ఎవరూ చెప్పొద్దని గ్రూపులో ఒక్కొక్కరినీ బతిమాలిందట. రావడం మాత్రం మెల్లగా తగ్గించమందట. రాకపోకలు పలచబడింది అందుకే. అమ్మేమో పిలిచి పిలిచి రప్పించుకునేది. టీచరు ఇవన్నీ చెప్పి, తన బండిని వీధి చివరిదాకా తోసుకుంటూ వెళ్ళిపోయింది.

సాయంత్రం కూతురు షాపు నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే తల్లి ఎదురెళ్ళింది. దెబ్బ కొట్టిన చెంప మీద చెయ్యి వేసింది. పిల్ల తల్లి మొహం చూసింది, పెరట్లో తలుపు తీసి ఉన్న షెడ్డుకేసి చూసింది. అన్ని రోజులూ బిగబట్టుకున్న ఏడుపు ఒక్కసారిగా కట్టలు తెంచుకుంది.

"ఎందుకు చెప్పలేదే?"

"చెబితే నీకేం మిగులుతుందమ్మా?" అంది చిట్టి తల్లి భుజం మీద మొహం దాచుకుని. "నువ్వు పొద్దున లేవడానికి అదొక్కటే ఉంది. అటు చూస్తే నాన్న. ఇటు చూస్తే నువ్వు. ఎవరిని చూసుకోవాలో తెలియలేదు. ఇంక నా వల్ల కాలేదు."

ఈ పిల్లనా తను రాతిగుండె అన్నది! రాయి కాదు, మోయలేని బరువు మోస్తూ పైకి కఠినంగా కనబడింది. తల్లి కళ్ళల్లో వెలుగు ఆరిపోకూడదని చెంపదెబ్బ తింది, చెడ్డపేరు మోసింది. ఆమె కూతురి తల నిమురుతూ ఉండిపోయింది. క్షమించమని అడగనక్కర్లేకుండానే ఆ పిల్ల ఆమెని ఇంకా గట్టిగా పట్టుకుంది.

మర్నాడు ఆమే గ్రూపులో రాసింది: ఇకమీదట మా ఇంటికి ఎవరూ బండ్ల మీద రావద్దు, మీ వదిన తెలియక అడిగింది. దాని కింద కుప్పలుతెప్పలుగా జవాబులు వచ్చాయట. ఆమె చదవలేదు. కిటికీ సందులన్నిటిలో గుడ్డముక్కలు కుక్కింది. పాత దుప్పట్లు రెండు పొరలుగా కుట్టి తెరగా వేలాడదీసింది. చేతనైన పని అదే కాబట్టి అదే చేసింది. మంచాన్ని వెనక గదిలోకి మార్చుదామంటే అది తలుపులో పట్టలేదు.

కానీ వీధి ఎవరి సొత్తు? నిదానం అన్న ఎవరో తెలియని కుర్రాళ్ళు, సరుకులు పంచేవాళ్ళు, పనిలోకి పోయేవాళ్ళు... ఎన్ని బండ్లు! ఎవరికని చెబుతుంది? ఇంతకాలం ఏ చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని కూర్చుందో, ఆ చప్పుడు దూరాన వినబడితే ఇప్పుడు ఆమె మిషను ఆపి మంచం వైపు చూస్తోంది. ఆ వేళ్ళు కదలకూడదని మొక్కుకుంటోంది. ఆయన ఉన్నాడని చెప్పే గుర్తు అదొక్కటే. అదే వద్దని మొక్కుకోవాల్సిన గతి ఏ ఆడదానికీ రాకూడదు.

ఆ ఆదివారం ఎవరో వీధి కదిలిపోయేలా బండి రైజ్ చేసుకుంటూ వచ్చారు. దుప్పట్లు ఆపలేదు. నాలుగు వేళ్ళూ చాచుకున్నాయి. పాదం కిందికి దిగింది. మిషను దగ్గరున్న ఆమె పరిగెత్తుకొచ్చి మంచం మీదికి ఒంగింది. బిగుసుకున్న ఆ వేళ్ళని ఒక్కొక్కటే విడదీసి తన అరచేతిలోకి తీసుకుంది. వంటింట్లోంచి వచ్చిన కూతురు కాళ్ళ దగ్గర కూర్చుని కుడి పాదాన్ని రెండు చేతులా పట్టుకుంది.

"ఆగిందండీ," అంది ఆమె ఆయన చెవిలో. "బండి ఆగిపోయింది. మీరు ఆపేశారు. మీకేం కాలేదు. ఇంటికొచ్చేశారు."

వినబడిందో లేదో తెలియదు. చప్పుడు దూరమయ్యాక వేళ్ళు వాటంతట అవే వదులయ్యాయి, ఎప్పుడూ అయ్యేట్టే. నుదుటి మీద చెమట మాత్రం పట్టింది. వీధి మొదట్లో ఇంకో బండి మలుపు తిరుగుతున్న చప్పుడు వినబడుతుంటే, తల్లీకూతుళ్ళు పట్టుకున్న చేతులు తియ్యకుండా అలాగే కూర్చున్నారు.