ఈగ వాలని రాజ్యం

"ఈగ వాలని వంట మాది!" అని కుందవరం రాజు మీసం మెలేస్తూ గొప్పలు పోయేవాడు. నిజమే, ఆ రాజ్యంలో బెల్లం మీద కూడా ఈగ వాలేది కాదు. కానీ పాపం, జనం కడుపునిండా తింటూనే పుల్లల్లా ఎండిపోతున్నారు. వంటలక్క కూతురు సింగారికి ఒక్కగానొక్క తమ్ముడు బుడ్డడు. వాడికి చెయ్యెత్తే సత్తువ కూడా లేదు.

సింగారి వెళ్ళి మొర పెట్టుకుంటే రాజు మండిపడ్డాడు. "తిన్నది అరగని సోమరులు మీరు! పొండి!"

సింగారికి ఒళ్ళు మండింది. కారణమేమిటో తేల్చుకుందామని అడవి దారి పట్టింది. పొలిమేర దాటగానే ఒక ముని జొన్న అంబలి తాగుతూ కనిపించాడు. దొప్ప చుట్టూ ఈగలు ముసురుతుంటే ఆమె అలవాటుగా కొంగుతో విసిరింది.

"ఆపవే తింగరిదానా!" అని ముని కసిరాడు. "ఈగ కాళ్ళతో రుచి చూస్తుంది. వట్టి తీపికి మొదట అదీ మోసపోతుంది. లోపల సత్తువ లేదని తెలిశాక మాత్రం అక్కడ నిలవదు. మోసపోయి మోసపోయి ఈగలు మీ రాజ్యానికి రావడమే మానేశాయి. మీ తిండిలో సత్తువంతా కొండగుహలో కరాళి అనే రాక్షసి దాచుకుంది. పో, నా కళ్ళముందు నిలబడకు!"

"అయ్యో, మేం గొప్పనుకున్నదే మాకు ముప్పయిందా!" అని సింగారి నోరు నొక్కుకుంది. ఒక ఈగను పట్టి ఆకు పొట్లంలో చుట్టుకుని గుహకు పరుగెత్తింది.

మా సత్తువ మాకిచ్చెయ్యమని ఆమె నిలదీస్తే, కరాళి పళ్ళు కొరుకుతూ మూడు కుండలు ముందు పెట్టింది. మూడింటిలోనూ ఒకే పాయసం, ఒకే వాసన.

"ఒకదాంట్లోనే ఉంది మీ సత్తువ. అది తాగితే నా మాయ విరుగుతుంది. తప్పు కుండ తాగావా, రాయివైపోతావ్!"

సింగారి పొట్లం విప్పింది. ఈగ ఎగిరి మొదటి కుండ మీద వాలింది.

"వాలిందిగా! తాగవే, తాగు!" అని రాక్షసి తొందరపెట్టింది.

సింగారి చెయ్యి కుండ దాకా పోయి ఆగింది. ముని కసిరి చెప్పిన మాట గుర్తొచ్చింది. ఈగనే చూస్తూ కదలకుండా నిలబడింది. కాసేపటికి ఈగ లేచి రెండోదాని మీద వాలింది. అక్కడా నిలవలేదు. మూడోదాని అంచుకు మాత్రం అతుక్కుపోయింది, విదిలించినా లేవలేదు.

సింగారి ఆ కుండలోంచి ఒక్క గుక్క తాగిందో లేదో, "నీ నోట మన్ను పడ!" అని అరుస్తూ కరాళి బూడిదకుప్పయింది.

ఆమె ఇల్లు చేరేసరికి తల్లి బుడ్డడికి గంజి తాగిస్తోంది. ఎక్కడి నుంచో ఒక ఈగ వచ్చి గిన్నె మీద వాలింది.

"ఈగే! మనింట్లో ఈగే!" అని వంటలక్క ఏడుస్తూ నవ్వింది. వీధివీధినా అదే కేక. రాజు తలదించుకుని వచ్చి, వంటశాల పెత్తనం ఇకనుంచి సింగారిదేనన్నాడు.

ఆమె ఆ మాట వినిపించుకోనే లేదు. "ఛీ పో! నా గంజి!" అంటూ బుడ్డడు చెయ్యెత్తి ఈగను తోలుతున్నాడు.